గుడివాడ నుండి మాస్కో వరకు

2022వ సంవత్సరము సెప్టెంబరు మాసమున రాయపూర్ నగరమున ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి పేరిట అంతర్జాతీయ గ్రాండుమాస్టర్ల చదరంగపు పోటీ జరిగెను. దేశవిదేశముల ఆటగాండ్రు ఇచ్చటికి వచ్చి, అరువదినాలుగు గళ్ళ బల్లకు ఇరుప్రక్కల కూర్చుండి, దినముల తరబడి మౌనయుద్ధము సాగించిరి. 1931లో పూర్తియైన విజయనగరపు రైలుదారి వలన తెలుగునాటికి దగ్గరయైన ఈ నగరమున, అటువంటి పోటీని గూర్చి వినిన తెలుగువారికి సహజముగా ఒక పేరు జ్ఞప్తికి వచ్చును. అది కోనేరు హంపి పేరు.

చదరంగమున ప్రపంచ విజేత అనగానే ఒక తరము వారికి రష్యాదేశము స్ఫురించెడిది. బోట్విన్నిక్, స్మిస్లోవ్, తాల్, స్పాస్కీ, కార్పోవ్, కాస్పరోవ్ అను పేర్లు వార్తాపత్రికల ద్వారా మారుమూల పట్టణములకు కూడ చేరినవి. ఆ పేర్ల వరుసలో తన బిడ్డ పేరును నిలుపవలెనని కృష్ణాజిల్లా గుడివాడలో ఒక తండ్రి సంకల్పించుటయు, ఆ సంకల్పము కొంత ఫలించి, కొంత ఫలింపకుండుటయు ఈ వ్యాసమునకు విషయము. ఫలించిన భాగము ఎంత ముఖ్యమో, ఫలింపని భాగమును అంతే ముఖ్యము.

చదరంగము మన దేశమున పుట్టిన ఆటయని చరిత్రకారులలో అత్యధికుల అభిప్రాయము. రథ గజ తురగ పదాతులను నాలుగు అంగములు గల సేనకు చతురంగమని పేరు. ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరిత్రలో ఈ ఆట ప్రస్తావన కలదు. మన దేశమునుండి అది పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారినుండి పశ్చిమ దేశములకును చేరెను. రష్యనులు ఈ ఆటను షాఖ్మాతి అందురు. రాజునకు ఆటకట్టు అను అర్థముగల పారసీక పదబంధమే దానికి మూలము. రష్యనుల భాషలో నేటికిని కొన్ని పావులకు పూర్వపు పేర్లు నిలిచియుండుట విశేషము. ఆంగ్లేయులు మంత్రిని రాణిగా మార్చిరి. రష్యనులు దానిని ఫెర్జ్ అని పారసీక నామముతోనే పిలుతురు. ఆ మాటకు మంత్రియని అర్థము. మనము శకటు అని పిలుచు పావును ఆంగ్లేయులు మతగురువును చేయగా, రష్యనులు స్లోన్, అనగా ఏనుగు, అందురు. ఏనుగులు లేని మంచుదేశమున ఏనుగు పేరు బల్లమీద నిలిచియున్నది.

అయినను ఆట పుట్టిన చోటు వేరు, ఆట పెరిగిన చోటు వేరు. పందొమ్మిదవ శతాబ్దపు చివర చిగోరిన్ రెండుసార్లు ప్రపంచ కిరీటమునకై పోరాడి ఓడెను. 1927లో అలేఖిన్ ఆ కిరీటమును గెలిచెను గాని, అప్పటికే ఆయన స్వదేశమును విడిచియుండెను. రష్యాలో చదరంగమును ప్రజల ఆటగా చేసినది విప్లవానంతరపు ప్రభుత్వము. 1925లో మాస్కోలో ప్రభుత్వ పోషణమున అంతర్జాతీయ పోటీ జరిగెను. కర్మాగారములలో, పాఠశాలలలో, సైనిక శిబిరములలో చదరంగ సంఘములు వెలసెను. బాలబాలికలకై నెలకొల్పిన పయొనీర్ల భవనములలో ఈ విద్యకు ప్రత్యేక శిక్షకులు ఉండిరి. ఈ ఉద్యమమునకు నాయకుడైన క్రిలెంకో 1938లో ఆ ప్రభుత్వము చేతనే మరణశిక్షకు గురియగుట ఆ చరిత్రలోని చీకటి పుట. కాని అతడు పాదుకొల్పిన వ్యవస్థ నిలిచెను.

ఆ వ్యవస్థ ఫలమే మిఖాయిల్ బోట్విన్నిక్. ఆయన వృత్తిచేత విద్యుత్తు ఇంజనీరు. 1948లో ప్రపంచ విజేత అయ్యెను. 1957లో స్మిస్లోవ్‌నకు కోల్పోయిన కిరీటమును మరుసటి సంవత్సరమే తిరిగి పొందెను. 1960లో తాల్‌నకు కోల్పోయి, 1961లో మరల గెలిచెను. 1963లో పెట్రోస్యాన్ చేతిలో ఓడిన తరువాత కిరీటపు పోరు విడిచి, శిష్యులను తీర్చుటకు పూనుకొనెను. కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ అను ముగ్గురు ప్రపంచ విజేతలు ఆయన పాఠశాలలో చదివినవారే. ఓడిన ఆటను గూర్చి దుఃఖించుట గాక దానిని విప్పి చూచుకొనవలెననుట ఆయన బోధలో ప్రధాన సూత్రము.

స్త్రీల చదరంగ చరిత్ర ఇంతకంటె హృదయస్పర్శి. మొదటి మహిళా ప్రపంచ విజేత వేరా మెంచిక్ 1906లో మాస్కోలోనే జన్మించెను. విప్లవానంతరము ఇంగ్లండునకు తరలిపోయి, 1927లో కిరీటము గెలిచి, జీవితాంతము దానిని నిలుపుకొనెను. 1944లో లండనుపై పడిన జర్మను ఎగిరే బాంబు ఆమెను, ఆమె తల్లిని, సోదరిని పొట్టన పెట్టుకొనెను. ఖాళీయైన ఆ పీఠమునకై 1949 డిసెంబరులో మాస్కోలో మొదలైన పోటీలో లుద్మిలా రుదెంకో గెలిచెను. లెనిన్‌గ్రాడు ముట్టడి కాలమున పిల్లలను రైలులో సురక్షిత ప్రదేశమునకు తరలించు ఏర్పాటు చేసినది ఈమెయే. తన జీవితమున కిరీటముకంటె ఆ కార్యమే గొప్పదని ఆమె తలచెను. ఆమె తరువాత బికోవా, రుబ్త్సోవా, జార్జియా వనితలైన గాప్రిందాష్విలి, చిబుర్దానిద్జె వరుసగా ఆ పీఠము నధిష్ఠించిరి. 1950 మొదలు 1991 వరకు నలువదియొక్క సంవత్సరములు ఆ కిరీటము సోవియట్ దేశపు ఎల్లలు దాటలేదు. వ్యక్తుల ప్రతిభయొక్కటే అయినచో అది ఒక్క దేశమున ఇంతకాలము నిలువదు. వెనుక పాఠశాల, శిక్షకుడు, పత్రిక, జీతము, పోటీ అను అయిదు స్తంభములు ఉండెను.

మన దేశమున అట్టి స్తంభములు లేవు. ఉన్నది సంపన్నుల ఆదరణ, లేదా ఇంటివారి పట్టుదల. పంజాబునుండి ఒక జమీందారుని పరివారముతో ఇంగ్లండునకు వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ పోటీ గెలిచెను. అదే పరివారములోని ఫాతిమా యను యువతి 1933లో బ్రిటిష్ మహిళా పోటీ గెలిచెను. ప్రభువు స్వదేశమునకు మరలగానే ఆ ఇద్దరి అంతర్జాతీయ క్రీడాజీవితమును ముగిసెను. ఆదరణ ఒక మనిషి చేతిలో ఉన్నచో దాని ఆయుర్దాయము ఎంతయో ఈ ఉదాహరణము చెప్పుచున్నది. తరువాతి కాలమున 1961లో మాన్యుయెల్ ఆరన్ అంతర్జాతీయ మాస్టరు అయ్యెను. 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రమున తాల్ పేరిట చదరంగ సంఘము వెలసెను. అచ్చట ఆట నేర్చిన విశ్వనాథన్ ఆనంద్ 1988లో భారతదేశపు మొదటి గ్రాండుమాస్టరు అయ్యెను. స్త్రీలలో బొంబాయికి చెందిన ఖాడిల్కర్ సోదరీమణులు ముగ్గురు త్రోవ చూపిరి. వారి వెనుకను ఒక తండ్రియే నిలిచెను.

ఇట్టి కాలమున, 1987 మార్చి 31వ తేదీన, గుడివాడలో కోనేరు అశోక్, లత దంపతులకు ఒక ఆడుబిడ్డ జన్మించెను. గుడివాడ వరిపొలముల నడుమ నున్న పట్టణము. బౌద్ధకాలపు శిథిలములు గల ఊరు. అక్కినేని నాగేశ్వరరావు పేరిట కళాశాల గల ఊరు. నందమూరి తారక రామారావును శాసనసభకు పంపిన ఊరు. నాటకము, చలనచిత్రము, రాజకీయము అచ్చటి వారికి పరిచితములు. చదరంగమునందు ప్రపంచఖ్యాతి గల వారెవ్వరును అంతవరకు ఆ ఊరినుండి రాలేదు. అశోక్‌గారు స్వయముగా పోటీలలో పాల్గొన్న ఆటగాడు. తమకు లభింపని శిఖరమును బిడ్డకు చూపవలెనను కోరిక ఆయన మనస్సున నాటుకొనెను.

బిడ్డకు పెట్టిన పేరులోనే ఆ కోరిక కలదు. హంపి అనగానే తెలుగువారికి తుంగభద్రా తీరపు విజయనగర రాజధాని తోచును. కాని ఈ హంపి ఆ హంపి కాదు. ఛాంపియను అను ఆంగ్లపదమునుండి ఆ పేరు పుట్టినది. పిమ్మట ఆ తండ్రి రోమను లిపిలో దాని వ్రాతను కొంచెము మార్చి, రష్యను పేర్ల పోలిక వచ్చునట్లు చేసిరి. ఉచ్చారణ తెలుగుది, వేషము రష్యనులది. ఆ కాలమున చదరంగమున గొప్పతనమునకు రష్యా తప్ప మరియొక కొలబద్ద లేదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరే అక్కరలేదు.

అయిదేండ్ల వయస్సున ఆ బాలిక తండ్రి ఆడుచున్న ఆటను చూచి ఎత్తులు సూచించెను. ఆ సూచనలు సరియైనవని గ్రహించిన తండ్రి ఆమెకు క్రమముగా విద్య నేర్ప మొదలిడిరి. కొంతకాలమునకు ఆయన అధ్యాపక వృత్తిని విడిచి పూర్తిగా బిడ్డ శిక్షణమునకే అంకితమైరి. నెలజీతముమీద బ్రతుకు ఏ గృహస్థునకైనను ఈ మాటలోని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగము వదలుట అనగా ఒకటవ తేదీని వదలుట. వృద్ధాప్యపు భరోసాను వదలుట. బంధువుల ప్రశ్నలకు ఎదురుగా నిలుచుట. బిడ్డకు ఆటమీద ఆసక్తి తగ్గినను, జబ్బు చేసినను, మరియొక బాలిక అంతకంటె ముందుకు పోయినను, ఆ పణమంతయు వ్యర్థమగును. రష్యాలో రాజ్యము ఒడ్డిన పణమును గుడివాడలో ఒక ఇల్లు ఒడ్డెను.

ఆ పణము త్వరలోనే ఫలమిచ్చెను. 1997లో ఫ్రాన్సుదేశపు కాన్ నగరమున పదియేండ్లలోపు బాలికల ప్రపంచ పోటీలో హంపి ప్రథమస్థానము పొందెను. 1998లో పండ్రెండేండ్లలోపు వర్గమునను, 2000లో పదునాలుగేండ్లలోపు వర్గమునను మరల ప్రపంచ విజేత అయ్యెను. ఈ నడుమ 1999లో అహమ్మదాబాదులో జరిగిన ఆసియా పోటీలో పండ్రెండేండ్లలోపు బాలురతో పాటు ఆడి, వారందరిని వెనుకకు నెట్టి గెలిచెను. బాలికలకు వేరు పంక్తి వేయుట అలవాటైన చోట ఆమె బాలుర పంక్తిలో కూర్చుండుట గమనింపదగినది. 2000లోను, 2002లోను బ్రిటిష్ మహిళా పోటీ ఆమెకు దక్కెను. ఫాతిమా గెలిచిన ఆ పోటీని సుమారు డెబ్బది సంవత్సరముల పిమ్మట మరియొక భారతీయ బాలిక గెలిచెను. ఈసారి ప్రభువు లేడు, తండ్రి ఉండెను. 2001లో ఏథెన్సులో ఇరువదియేండ్లలోపు బాలికల ప్రపంచ పోటీని గెలుచునప్పటికి ఆమె వయస్సు పదునాలుగు.

చదరంగమున స్త్రీలకు మహిళా గ్రాండుమాస్టరు అను బిరుదు వేరుగా కలదు. దానికి పైమెట్టు గ్రాండుమాస్టరు బిరుదు; అది స్త్రీపురుషుల కిరువురకును ఒక్కటే. మూడు పోటీలలో నిర్ణీత ప్రమాణమును అందుకొని, స్థాయీసంఖ్య 2500 చేరిన వారికే అది లభించును. 2002 మే మాసమున బుడాపెస్టు నగరమున హంపి ఆ ప్రమాణమును పూర్తిచేసెను. అప్పటికి ఆమె వయస్సు పదునైదు సంవత్సరముల ఒక నెల ఇరువదియేడు దినములు. హంగరీ వనిత జూడిట్ పోల్గార్ 1991లో నెలకొల్పిన రికార్డును ఆమె సుమారు మూడు నెలల తేడాతో దాటెను. జూడిట్ జన్మించిన నగరముననే ఇది జరుగుట యాదృచ్ఛికము. జూడిట్ కూడ ఇంట తండ్రివద్ద శిక్షణ పొందినదే. భారత స్త్రీలలో గ్రాండుమాస్టరు బిరుదు పొందిన మొదటి వ్యక్తి హంపి. 2008లో చైనా బాలిక హౌ యీఫాన్ అధిగమించువరకు ఆ రికార్డు నిలిచెను.

2003లో ఆమెకు అర్జున పురస్కారము లభించెను. 2005లో రష్యాలోని ఉరల్ పర్వత ప్రాంతమున క్రాస్నొతుర్యిన్స్క్ పట్టణమున ప్రముఖ మహిళా క్రీడాకారిణులు పదిమంది పాల్గొన్న పోటీలో ప్రథమస్థానము పొందెను. 2006లో దోహాలో జరిగిన ఆసియా క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. అదే సంవత్సరము తండ్రికి ద్రోణాచార్య పురస్కారము వచ్చెను. 2007లో ఆమెకు పద్మశ్రీ బిరుదము ప్రసాదింపబడెను. ఆ అక్టోబరులో స్థాయీసంఖ్య 2606 చేరి, జూడిట్ పోల్గార్ తరువాత 2600 దాటిన రెండవ స్త్రీగా ప్రసిద్ధికెక్కెను. కేంద్రప్రభుత్వ రంగ సంస్థయగు ఓ.ఎన్.జి.సి. ఆమెకు ఉద్యోగమిచ్చి ఆదరించెను. తండ్రి వదలుకొన్న నెలజీతము ఈ విధముగా కుమార్తె ద్వారా ఆ ఇంటికి తిరిగివచ్చెను. రష్యనుల వ్యవస్థతో పోల్చదగిన ఆసరా మన దేశమున ఏదైన కలదన్నచో అది రైల్వేలు, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకు ఇచ్చు ఉద్యోగమే. అది ఎక్కిన వారిని నిలుపును గాని, ఎక్కుటకు నిచ్చెన వేయదు. మొదటి పదియేండ్ల భారము ఇంటిదే.

ఇక ఫలింపని భాగము. మహిళా ప్రపంచ కిరీటమునకై నాడు ఓడినవారు తొలగిపోవు పద్ధతిలో పోటీ జరుగుచుండెను. 2004లో రష్యాలోని ఎలిస్తా నగరమున హంపి సెమీఫైనలు చేరి, ఎకతెరీనా కొవలెవ్‌స్కాయా చేతిలో ఓడెను. 2008లో రష్యాలోనే నాల్చిక్ నగరమున మరల సెమీఫైనలు చేరి, హౌ యీఫాన్ చేతిలో ఓడెను. 2010లో టర్కీలో సెమీఫైనలు, మరల హౌ యీఫాన్, మరల ఓటమి. అయినను అంతకుముందటి గ్రాండ్ ప్రీ పోటీల వరుసలో చూపిన ప్రతిభ వలన, ప్రపంచ విజేతతో ముఖాముఖి తలపడు అర్హత ఆమెకు లభించెను. 2011 నవంబరులో ఆల్బేనియా రాజధాని తిరానాలో ఆ పోరు జరిగెను. ఎదుట కూర్చున్నది హౌ యీఫానే. పది ఆటలు ఆడవలసియుండగా ఎనిమిదింటితోనే ముగిసెను. మూడు ఆటలు హౌ గెలిచెను, అయిదు సమమయ్యెను. హంపి ఒక్క ఆటయు గెలువలేదు.

విజేతలను గూర్చి వ్రాయువారు ఇట్టి ఘట్టములను రెండు మాటలతో దాటవేయుదురు. దాటవేయుట న్యాయము కాదు. పేరులోనే ఛాంపియను పదమును ధరించిన వ్యక్తికి ఆ కిరీటము చేతికందు దూరమున ఆగిపోయెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదినాలుగు. హౌ వయస్సు పదునేడు. హౌ వెనుక చైనాదేశపు శిక్షణ వ్యవస్థ నిలిచియుండెను. సోవియట్ రష్యా పద్ధతిని తమకు తగినట్లు మలచుకొని చైనీయులు నిర్మించిన ఆ వ్యవస్థ, 1991లో షీ జున్ గెలుపుతో సోవియట్ వనితల ఏకచ్ఛత్రాధిపత్యమునకు తెరదించెను. కనుక తిరానాలో తలపడినది ఇద్దరు యువతులు మాత్రమే కాదు. ఒక ప్రక్క వ్యవస్థ, మరియొక ప్రక్క కుటుంబము. ఎనిమిది ఆటలలో వ్యవస్థ గెలిచెను. అందుచేత కుటుంబము చేసిన కృషి చిన్నదని కాదు. ఒక కుటుంబము మోయగలిగినంత దూరము అది మోసెనని మాత్రమే చెప్పవలెను.

2014లో ఆమెకు వివాహమయ్యెను. 2017లో ఒక కుమార్తె జన్మించెను. సుమారు రెండు సంవత్సరములు ఆమె పోటీలకు దూరముగా నుండెను. చదరంగమున రెండు సంవత్సరములు అనగా అల్పకాలము కాదు. గణనయంత్రముల సాయమున ప్రతి మాసము క్రొత్త ప్రారంభపుటెత్తులు బయలుదేరుచుండును. వాని నెరుగనివాడు బల్లయెదుట కూర్చుండునప్పటికే సగము వెనుకబడును. అదిగాక, ఆట విడిచి ఇల్లు చూచుకొనుటను స్త్రీకి సహజముగా భావించు సమాజమున తిరిగివచ్చుటకు ఎవ్వరును తొందరపెట్టరు. తిరిగిరావలెనను పట్టుదల ఆమెదే కావలెను. 2018లో జార్జియాలోని బాటుమి నగరమున జరిగిన ఒలింపియాడ్‌తో ఆమె మరల రంగమున ప్రవేశించెను.

2019 సెప్టెంబరులో మాస్కో శివారునందలి స్కోల్కొవోలో జరిగిన గ్రాండ్ ప్రీ పోటీలో ఆమె ప్రథమస్థానము పొందెను. అదే సంవత్సరము డిసెంబరు నెలాఖరున మాస్కో నగరముననే ర్యాపిడ్ చదరంగపు ప్రపంచ పోటీలు జరిగెను. దీర్ఘమైన ఆటలో ఒక్కొక్క క్రీడాకారునకు గంటలకొలది వ్యవధి ఉండగా, ఇందు ఆరంభమున పదునైదు నిమిషములు, ప్రతి ఎత్తునకు పది సెకండ్లు మాత్రమే లభించును. పండ్రెండు ఆటలు ముగియునప్పటికి హంపి, చైనాకు చెందిన లెయ్ టింగ్జీ, టర్కీకి చెందిన ఎకతెరీనా అతాలిక్ తొమ్మిదేసి పాయింట్లతో సమముగా నిలిచిరి. కిరీటమునకై హంపికిని లెయ్‌కును అదనపు ఆటలు నిర్ణయింపబడెను. మొదటి ఆటలో హంపి ఓడెను. రెండవది గెలిచి సరిచేసెను. మూడవదైన అంతిమ నిర్ణయపుటాటతో కిరీటము ఆమెకు దక్కెను.

వేరా మెంచిక్ పుట్టిన నగరము, రుదెంకో కిరీటము ధరించిన నగరము, బోట్విన్నిక్ పాఠములు చెప్పిన నగరము మాస్కో. రష్యను పోలికతో వ్రాసిన పేరు గల తెలుగు వనిత, ముప్పదిరెండేండ్ల వయస్సున, తల్లియైన తరువాత, ఆ నగరముననే ప్రపంచ విజేత అయ్యెను. పేరు పెట్టిన తండ్రి ఆశించినది దీర్ఘమైన ఆటలోని కిరీటమే కావచ్చును. దైవము ఇచ్చినది వేరొకటి. కాని ఇచ్చిన చోటు మాత్రము ఆ పేరునకు తగినదే.

అటుపిమ్మట ఆమె జీవితము విజయములతోను, తృటిలో తప్పిన విజయములతోను సాగెను. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో కెయిర్న్స్ కప్పు గెలిచెను. ఆ సంవత్సరమే మహమ్మారి కారణమున అంతర్జాలమున జరిగిన ఒలింపియాడ్‌లో భారతదేశము రష్యాతో కలసి స్వర్ణమును పంచుకొనెను. సెమీఫైనలులో పోలండుపై నిర్ణాయకమైన ఆటను గెలిచినది హంపియే. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో భారత మహిళా జట్టు కాంస్యము పొందగా, ఆ జట్టు మొదటి బల్ల ఆమెది. 2023లో సమర్కందులో ర్యాపిడ్ కిరీటము అదనపు ఆటలలో చేజారి రజతము మిగిలెను. 2024 డిసెంబరులో న్యూయార్కు నగరమున మొదటి ఆటలోనే ఓడియు, తక్కిన పది ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లు సాధించి, రెండవసారి ర్యాపిడ్ ప్రపంచ విజేత అయ్యెను. చివరి ఆటలో నల్లపావులతో ఇండోనీషియా క్రీడాకారిణి సుకందర్‌ను ఓడించినప్పుడుగాని ఆ విజయము నిశ్చయము కాలేదు. అప్పటికి ఆమె వయస్సు ముప్పదియేడు.

2025 జూలైలో బాటుమిలో మహిళా ప్రపంచ కప్పు పోటీ జరిగెను. సెమీఫైనలులో హంపి మాస్కోనాటి ప్రత్యర్థి లెయ్ టింగ్జీని అదనపు ఆటలలో ఓడించెను. ఫైనలులో ఎదురైనది నాగపూరునకు చెందిన దివ్యా దేశ్‌ముఖ్. రాయపూర్‌నుండి పడమటి రైలెక్కినచో కొన్ని గంటలలో చేరదగిన నగరమది. దివ్య వయస్సు పందొమ్మిది; హంపి వయస్సు ముప్పదియెనిమిది. హంపి గ్రాండుమాస్టరు అయిన నాటికి దివ్య ఇంకను జన్మింపలేదు. దీర్ఘమైన ఆటలు రెండును సమమయ్యెను. అదనపు ఆటలలో రెండవది దివ్య గెలిచెను. ఆ గెలుపుతోనే దివ్యకు గ్రాండుమాస్టరు బిరుదును దక్కెను. ప్రపంచ కప్పు ఫైనలున ఇరువురును భారతీయులే యగుట, అందును గాప్రిందాష్విలి, చిబుర్దానిద్జెల జన్మదేశమున అది జరుగుట, చదరంగ చరిత్రలో ఒక మలుపు. ఓడిన వ్యక్తి త్రొక్కిన బాటమీదనే గెలిచిన వ్యక్తి నడచివచ్చెననుట అతిశయోక్తి కాదు.

హంపి తరువాత తెలుగునాట ఆ బాట రహదారి అయ్యెను. గుంటూరుకు చెందిన పెండ్యాల హరికృష్ణ ఆమె సమకాలికుడు. 2004లో కొచ్చిలో యువకుల ప్రపంచ పోటీ గెలిచెను. ఆ పోటీలో హంపియు యువకులతో పాటు ఆడి అయిదవ స్థానమును మరికొందరితో పంచుకొనెను. గుంటూరు జిల్లాకే చెందిన ద్రోణవల్లి హారిక 2008లో యువతుల ప్రపంచ విజేతయు, 2011లో గ్రాండుమాస్టరును అయ్యెను. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆమె ఆడిన ఆటలు ప్రేక్షకుల మన్ననకు పాత్రమయ్యెను. ఓరుగల్లుకు చెందిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో 2800 స్థాయిని దాటెను. అదే నెలలో, చెన్నైలోని తెలుగు కుటుంబమునకు చెందిన గుకేశ్ పదునెనిమిదేండ్ల వయస్సున సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యెను. ఆయన శిక్షణకై తండ్రి, శస్త్రవైద్యుడు, తన వృత్తిని ప్రక్కకు పెట్టెననుట లోకవిదితము. గుడివాడ కథయే చెన్నైలో మరల జరిగెను.

ఇచ్చట గర్వముతో పాటు ఒక ఆలోచనయు కలుగక మానదు. ఒక తండ్రి ఉద్యోగము వదలినచో ఒక హంపి, మరియొక తండ్రి వృత్తిని ఆపినచో ఒక గుకేశ్ లభించిరి. వదలలేని తండ్రుల బిడ్డల మాట ఏమి? సంసారభారము, అప్పు, వృద్ధులైన తల్లిదండ్రులు, చెల్లెండ్ర వివాహములు గల సామాన్య ఉద్యోగి ఒకటవ తేదీని వదలలేడు. అతని ఇంట అయిదేండ్ల బాలిక సరియైన ఎత్తు సూచించినచో, అతడు చూచి సంతోషించి ఊరకుండును. అట్లు ఊరకుండిన ఇండ్లు ఎన్నియో చరిత్రకెక్కలేదు. రష్యనులు పాఠశాలలు కట్టినది ఆ ఇండ్ల కొరకే. వారి రాజ్యపద్ధతితో ఏకీభవింపని వారును ఆ ఒక్క పద్ధతిని మెచ్చుకొనక తప్పదు.

చదరంగపు బల్లకు పెద్ద మైదానము అక్కరలేదు. ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఉద్యోగుల సంఘము యొక్క ఒక గది, నాలుగు బల్లలు, వారమునకు రెండు సాయంకాలములు, ఆట తెలిసిన ఒక పెద్ద ఉన్నచో చాలును. పయొనీర్ల భవనములును గదులతోనే మొదలయ్యెను. బదిలీమీద ఊరూరు తిరుగు ఉద్యోగుల బిడ్డలకు ఏ ఊరికేగినను మారనిది ఆ అరువదినాలుగు గళ్ళే. భాష మారును, పాఠశాల మారును, స్నేహితులు మారుదురు. గుర్రము ఎత్తు మారదు.

బంటు ఒక్కొక్క గడి ముందుకు పోవును, వెనుకకు రాదు. ఎనిమిదవ వరుస చేరిన బంటు మంత్రియగును. ఆ పావునకు తోడుగా మరియొక పావు నిలువకున్నచో అది దారిలోనే చచ్చును. కోనేరు హంపికి తోడు నిలిచినది ఒక తండ్రి. ఆమె గుడివాడ నుండి మాస్కో చేరి, అచ్చట కిరీటము ధరించెను. ఇకమీదట బయలుదేరు బాలబాలికలకు తోడుగా ఒక ఇల్లు మాత్రమే గాక ఒక సమాజమును నిలిచిననాడు, తిరానాలో ఆగిన ప్రయాణమును వారిలో ఎవరో ఒకరు ముగింపగలరు.